చెత్త అని పేరున్న ఫోల్డర్

దిగిన ఏడు 64. పొట్ట నెల, 4వ రోజు

పొద్దున్న గాలి జల్లెడలు దులిపాను. పైన ఎర్ర దుమ్ము లేచిన మర్నాడు ఎప్పుడూ ఇదే పని. కొండ లోపల బతికేవాళ్ళకి దుమ్ము బాధ ఉండదని మా తాతలు ఇక్కడ దిగేటప్పుడు చెప్పుకున్నారట. తాతలు పోయారు, దుమ్ము మాత్రం వస్తూనే ఉంది.

సగం దులిపేసరికి భానుమూర్తి గారి నుంచి కబురొచ్చింది. ఆయన మా కొండకి సాగు అధికారి. నేను ఆయన కింద నిల్వదారుని. ఏ పంట షెడ్డుకి ఏ రోజు ఎంత నీరు, ఎంత వెలుగు, ఎంత గాలి అన్న పట్టికలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్‌కి కాపలా కాయడమే నా ఉద్యోగం.

"ఏమయ్యా పైడిరాజూ, రెండో కొండ వాళ్ళు వచ్చే ఏడు చోళ్ళు వేస్తారట. మన సాగు ప్రాజెక్టు ప్రతి కావాలన్నారు. అందులో అడ్డమైనవన్నీ తీసేసి శుభ్రంగా పంపు. మన పరువు పోకూడదు" అన్నారు.

నాకు ఇంతకంటే ఇష్టమైన పని ఇంకోటి లేదు. నా గదిలో చెంచాలు కూడా పొడుగు ప్రకారం పేర్చి ఉంటాయి. అందుకే ఆ గదిలో నేనొక్కణ్ణే ఉంటున్నానని కాంటీన్‌లో అనుకుంటారు. అనుకోనీ.

నా తరవాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళ కోసం ఒక్క మాట రాసి ఉంచుతాను. ఫోల్డర్‌లో రెండు రకాల ఫైళ్ళుంటాయి. కమిట్ చేసినవి, అంటే ఇక ఖాయం అని యంత్రానికి అప్పజెప్పినవి, చరిత్రలోకి ఎక్కుతాయి. వాటిని రేపు చెరిపేసినా, పదేళ్ళ తరవాత చెరిపేసినా వెనక్కి తెచ్చుకోవచ్చు. రెండో రకం, ఎవరో తెచ్చి పక్కన పడేసినవి, చరిత్రకెక్కనివి. వాటిని తీసేస్తే ఇక అంతే. అవి ఉండేవని చెప్పడానికి కూడా ఏమీ మిగలదు.

పొట్ట నెల, 5వ రోజు

తీసేసే ముందు ఉత్తి జాబితా తీయడం మా పద్ధతి. "ఇప్పుడు తుడవమంటే ఏమేం తుడుస్తావు?" అని యంత్రాన్ని అడిగితే పేర్లు చెబుతుంది, దేన్నీ ముట్టుకోదు. ఆ జాబితాని కాంటీన్ తలుపుకి మూడు రోజులు అంటిస్తాం. ఎవరికి ఏది కావాలో వాళ్ళు దాని పక్కన వేలిముద్ర వేయాలి. వేలిముద్రల సిరా అయిపోయి ఇరవయ్యేళ్ళయింది కాబట్టి బీట్‌రూట్ రసంలో వేలు ముంచుతారు.

నూట పదహారు పేర్లు వచ్చాయి. పట్టిక_చివరిది. పట్టిక_చివరిది_2. పట్టిక_ఇదే_చివరిది. వాటి తరవాత పట్టిక_ఒట్టు_ఇదే. చింతపండు లేకుండా పులుసు చేసే విధానం ఒకటి. ఎవరో సగం రాసి వదిలేసిన ప్రేమలేఖ ఒకటి. దాని పేరు 7వ_షెడ్డు_పైపు_మరమ్మతు. ఆ పేరు పెట్టగల తెలివి ఏడో షెడ్డులో పని చేసే తవిటినాయుడికి తప్ప ఇంకెవరికీ లేదు.

జాబితా చివర ఒక ఫోల్డర్. దాని పేరు చెత్త.

ఫోల్డర్ అయితే యంత్రం దాని పేరు ఒక్కటే చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. తెరిచి చూడాలని నాకు అనిపించలేదు. పెట్టినవాళ్ళే చెత్త అని పేరు పెట్టుకున్నాక ఇంక చూసేదేముంది?

పొట్ట నెల, 7వ రోజు

పులుసుకి మూడు వేలిముద్రలు పడ్డాయి. ప్రేమలేఖకి ఒకటి పడింది, అదీ తవిటినాయుడిది కాదు. వంటింట్లో పనిచేసే అమ్మాయిది. కాంటీన్ అంతా పొద్దుట్నుంచీ అదే గొడవ. తవిటినాయుడు అంబలి తాగడానికి రాలేదు.

మధ్యాహ్నం ఎర్రాయమ్మ వచ్చింది. ఏడో షెడ్డులో ముద్ద చోడి ఆవిడ చేతి మీదే పండుతుంది. వెన్ను విచ్చుకోకుండా పిడికిలి బిగించినట్టు ఉండే రాగి రకం అది. ఈ కొండ మట్టికి, ఈ దీపాల వెలుగుకి తట్టుకున్న చోడి రకం అదొక్కటే. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. ఈ మధ్య నడుం పట్టేసి పై అంతస్తులో పడుకునే ఉంటోంది. గోడ పట్టుకుని మెల్లగా దిగి వచ్చి జాబితా అంతా వేలు పెట్టి చదివింది. చివరి పేరు దగ్గర వేలు ఆగింది. బీట్‌రూట్ గిన్నె ఆవిడ వైపు జరిపాను.

"నాకెందుకు బాబూ ఇంక? ఉంటే ఉన్నాది, పోతే పోనాది. నీ చేతి సలవ" అంది. నా భుజం మీద రెండుసార్లు తట్టి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నా చేతి చలవ ఏమిటో నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ఏదో ఒకటి అంటుంటారు అనుకున్నాను.

పొట్ట నెల, 8వ రోజు

తుడిచేశాను.

వేలిముద్రలు పడిన రెండూ ముందే వేరే చోటికి తీశాను. ఊరికే తుడవమంటే యంత్రం ఒప్పుకోదు. బలవంతంగా చెయ్యమని చెప్పాలి. అప్పుడు కూడా ఫైళ్ళనే ముట్టుకుంటుంది, ఫోల్డర్లను వదిలేస్తుంది. ఫోల్డర్లు కూడా అని విడిగా ఒక అక్షరం చేర్చాలి. అన్నీ చేర్చాను. ఒక్క రెప్పపాటులో అయిపోయింది. తరవాత ఫోల్డర్‌లో కమిట్ అయినవి తప్ప వేరే ఏమీ లేవని చెప్పింది. ఆ మాట చదువుకుని కాసేపు అలాగే కూర్చున్నాను, అంత హాయిగా అనిపించింది.

సాయంత్రంలోపే రెండో కొండకి పంపాల్సిన ప్రతి తయారు చేశాను. చోటు చాలకపోతే తుడిచిన చోటే వాడుకున్నాను. మర్నాటికి వాయిదా వేసే అలవాటు నాకు లేదు.

పొట్ట నెల, 14వ రోజు

తవిటినాయుడు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రాజుబాబూ, ఏడో షెడ్డులో చోడి నాకు నచ్చట్లేదండి. పొద్దున్న దీపాలు ఏసిన గంటకే ఆకు ముడుసుకుంటన్నాది. నీల్లు కూడా మారినట్టున్నాయి. తొమ్మిదో వరస కింద బురదయిపోనాది."

"యంత్రం ఏమైనా లోపం చూపిస్తోందా?"

"నేదండి. అంతా బాగున్నాదనే సెప్తన్నాది."

"మరి పట్టిక ప్రకారం నడుస్తోంది కదా. పట్టిక కంటే నీకు ఎక్కువ తెలుసా?"

ప్రేమలేఖ విషయంలో నా మీద కోపంగా ఉన్నాడు కాబట్టి సాకు వెతుక్కుంటున్నాడు అనుకున్నాను. పైపు మరమ్మతు చూసుకోమని కూడా అన్నాను, నవ్వుతూ. వాడు నవ్వలేదు.

పొట్ట నెల, 20వ రోజు

ఈ నమోదు ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న ఎర్రాయమ్మ నా గదికి వచ్చింది. వెనకాల తవిటినాయుడు ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆవిడ చేతిలో ఒక చోడి ఆకు. నా బల్ల మీద పెట్టింది. అంచులు పసుపుపచ్చగా మారి లోపలికి చుట్టుకుపోయింది.

"బాబూ, షెడ్డు పాత పట్టిక మీద నడుస్తన్నాది. మా అమ్మ కాలం నాటి పట్టిక అది. ఆ పట్టికతో నేను రెండేల్లు పంట పోగొట్టినాను, ఆకు సూస్తే నాకు తెల్దా? నా కాయితం సరిత్రలో ఉంది కదా, అది తీసి పెట్టీ."

"ఏ కాగితం పెద్దమ్మా?"

"అదే బాబూ. చెత్త ఫోల్డర్‌లోది. ముద్ద చోడి కాయితం. కిందటి కోతలప్పుడు నువ్వు చేర్చినావు కదేటి."

చూస్తాను పెద్దమ్మా, మీరు వెళ్ళి కూర్చోండి అని పంపేశాను.

తరవాత ఏడో షెడ్డు నడిపే ప్రోగ్రాం తెరిచాను. తొమ్మిదేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను, దాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి అనుకునేవాణ్ణి. నాకు ముందు ఇక్కడ కూర్చున్న అచ్చియ్య గారు అందులో ఒక వాక్యం రాసి పెట్టారు. చెత్త అనే ఫోల్డర్‌లో చోడి అనే ఫైలు ఉంటే దాని ప్రకారం నడువు, లేకపోతే పట్టిక ప్రకారం నడువు. అంతే. ఫైలు లేదని ఎవరికీ చెప్పమని రాయలేదు. అందుకే యంత్రం ఎవరికీ చెప్పకుండా పాత పట్టికకి వెళ్ళిపోయింది.

షెడ్డు తాను ఏ గంటకి ఏం చేసిందో సొంత చిట్టా రాసుకుంటుంది. ఆ చిట్టా దొరికితే ఆవిడ కాగితంలో ఏముందో చాలావరకు తిరిగి రాసుకోవచ్చు. పరిగెత్తుకుంటూ వెళ్ళి చూశాను. షెడ్డు పది రోజుల చిట్టా మాత్రమే ఉంచుకుంటుంది. నేను తుడిచి పన్నెండు రోజులైంది.

తవిటినాయుడు నా గుమ్మంలో నిలబడి చెప్పిన రోజున ఆ చిట్టా ఉంది.

తుడిచిన చోటంతా వెతికాను. అక్కడ రెండో కొండ ప్రతి ఉంది. నేను రాసిందే.

ఇప్పుడు అసలు సంగతి. కాగితం అని ఆవిడ అనేది ఆ ఫైలునే. కిందటి కోతల తరవాత ఎర్రాయమ్మ దాన్ని పలకలో తెరిచి పట్టుకుని మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది. మొదటిసారి చూసి, ఇది పట్టిక కాదు పెద్దమ్మా, నిలువు వరసల్లో పెట్టి తీసుకురండి అన్నాను. ఆవిడ మాటల్లో రాసింది, ఎవరో ఎదురుగా ఉంటే చెబుతున్నట్టు. రెండోసారి వచ్చి, నాకు వరసలు రావు బాబూ, నువ్వే పెట్టీ అంది. చూద్దాం అన్నాను. మూడోసారి వచ్చినప్పుడు నేను సంవత్సరం చివరి నివేదిక రాస్తున్నాను. "చేర్చినావా బాబూ?" అని అడిగింది. తల ఎత్తకుండా "ఆఁ, చేర్చాను" అన్నాను. మెల్లగా చేద్దాంలే అని. ఆ తరవాత మరిచిపోయాను.

నేను అబద్ధం చెప్పాను. ఆవిడ వేలిముద్ర వేయకపోవడానికి కారణం అదే.

పొట్ట నెల, 21వ రోజు

అంబలి వేళకి కాంటీన్‌కి వెళ్ళాను. ఆవిడ ఒక్కతే కూర్చుంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. కాగితం పోయిందని, నేనే తుడిచానని, ఇక రాదని.

"అదేటి బాబూ, చెత్తలోది పోతే పోనాది. సరిత్రలోది ఉంటాది కదా."

"చరిత్రలో లేదు."

"చేర్చినానన్నావు కదా?"

"అబద్ధం చెప్పాను పెద్దమ్మా."

ఆవిడ నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే నాకు బాగుండేది. కొత్తవాళ్ళెవరో వచ్చి కూర్చుంటే ఎవరా అని చూస్తామే, అలా చూసింది. తరవాత గిన్నెలో మిగిలిన అంబలి తాగింది. లేచి వెళ్ళి గిన్నె కడిగి బోర్లించింది.

తిరిగి వచ్చి నిలబడి అంది: "రెండొందల పద్నాలుగు మాటలు రాసినాను అందులో. నెంబర్లేసి రాసినాను. ముప్పయ్యొక్క ఏల్లు పట్టింది."

"అలాంటిదానికి చెత్త అని పేరెందుకు పెట్టారు?" అని అడిగాను. అడగాల్సిన మాట కాదు. అయినా నోట్లోంచి వచ్చేసింది.

"అచ్చియ్య బాబు పెట్టినాడు. సాగు సర్టిఫికెట్టు లేనోల్ల రాతలు ఫోల్డర్‌లో ఉండకూడదని అప్పుడు పెద్దోలు తనిఖీకొచ్చి తీసేసేవోరు. చెత్త అంటే ఎవులూ తెరవరు ఎర్రాయమ్మా అన్నాడు. ముప్పయ్యేల్లు ఎవులూ తెరవనేదు. నువ్వు కూడా తెరవనేదు కదా."

లేదన్నాను.

"లే మరి. పూతకి ఇంకా పది దినాలున్నాది. నాకు గుర్తున్నకాడికి సెప్తాను, రాసుకో."

పొట్ట నెల, 23వ రోజు

ఆవిడకి గదిలో కూర్చుంటే ఏమీ గుర్తు రాదు. షెడ్డులోకి వెళ్ళి వరసల మధ్య నిలబడితేనే వస్తాయి. తవిటినాయుడు ఆవిడ నడుం పట్టుకుని నడిపిస్తాడు. నేను పలక పట్టుకుని వెనక నడుస్తాను. వరసలు, నిలువు గళ్ళు ఏవీ పెట్టడం లేదు. ఆవిడ నోటి మాట నోటి మాటగానే రాస్తున్నాను.

"తొమ్మిదో వరస కింద రాయుంది. నీల్లు సగమే ఇయ్యి. ఎక్కువిస్తే ఏరు కుల్లిపోద్ది."

"పొద్దున్న దీపాలు అన్నీ ఒక్కసారి ఎయ్యకు. తూరుపు కొస నుంచి ఒక్కోటీ ఎయ్యి. ఒక్కసారేస్తే ఆకు బెదిరిపోద్ది."

"లోపల వెన్ను పొట్ట కట్టిన నాలుగో దినం నీల్లు ఆపీ. ఒక పూట దాహం ఎయ్యాలి దానికి."

ఇవాళ పదకొండు చెప్పింది. ప్రతి మాట వెనకా ఒక పోయిన పంట ఉంది. నీళ్ళు ఆపాలని తెలుసుకోవడానికి ఒక ఏడు, ఎన్నో రోజున ఆపాలో తెలుసుకోవడానికి మూడేళ్ళు పట్టిందట. దారిలో చెబుతూనే ఉంది. వినే కొద్దీ నాకు పలక బరువెక్కుతోంది.

పొట్ట నెల, 26వ రోజు

ముప్పై నాలుగయ్యాయి. కొత్తవి రావడం తగ్గిపోయింది.

ఇవాళ ఆరో వరస దగ్గర ఆగి, పూత ముందు వెలుగు రెండు గంటలు తగ్గించాలి అంది. రాసుకున్నాను. నాలుగడుగులు వేశాక, కాదు కాదు పెంచాలి అంది. మళ్ళీ తగ్గించాలి అంది. వెనక్కి వెళ్ళి ఆరో వరస దగ్గర నిలబడింది. ఆకు పట్టుకుంది, మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపింది. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. తవిటినాయుడు తల తిప్పుకున్నాడు.

"గుర్తు రావట్లేదు బాబూ" అని అక్కడే వరస గట్టు మీద కూర్చుని ఏడ్చింది. "ముసిల్దాన్నయిపోనాను. ముందు ముందు గుర్తుండదనే కదా రాసి పెట్టుకున్నాను."

నేనూ ఏడ్చాను. చెప్పడానికి సిగ్గు పడను. ఆవిడ పక్కన కూర్చోవాలనుకున్నాను కానీ కూర్చునే అర్హత నాకు లేదనిపించి నిలబడే ఉన్నాను. ఆరో వరసకి ఏమీ రాయలేదు. తప్పు రాసేకంటే ఖాళీ వదిలేయమని ఆవిడే చెప్పింది.

పూత నెల, 1వ రోజు

వెన్నులు పూతకొచ్చాయి.

ఆవిడ మరిచిపోనిది ఒకటుంది. పూత విచ్చే మూడు రోజులూ పొద్దున్న మూడు గంటల పాటు గాలి మరలు ఆపాలి. ఆ చల్లగాలి తగిలితే గింజ పట్టదు. గాలి మరలు ఆపాలంటే అధికారి అనుమతి కావాలి. భానుమూర్తి గారి దగ్గరికి వెళ్ళాను. పట్టికలో ఉందా అని అడిగారు. లేదన్నాను. అయితే లేదు అన్నారు.

తొమ్మిదేళ్ళుగా నేను అందరికీ చెబుతున్న మాటే అది. ఎదుటివాళ్ళ నోట వింటే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

తిరిగొచ్చి నా చేత్తోనే మరలు ఆపేశాను. మూడు గంటలూ షెడ్డులోనే నిలబడ్డాను. ఊపిరాడక తల దిమ్మెక్కింది. ఎర్రాయమ్మ ఒక వరస చివర పీట వేసుకుని కూర్చుని ఒక్కో వెన్నునీ చూస్తూ ఉంది. పని చెప్పాల్సినప్పుడు చెబుతోంది, అంతకు మించి ఒక్క మాట లేదు. బాబూ అని పిలవడం కూడా మానేసింది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

పూత నెల, 22వ రోజు

మరలు ఆపినందుకు భానుమూర్తి గారు నాకు లిఖితపూర్వకంగా మందలింపు ఇచ్చారు. దాన్ని కమిట్ చేశాను. అది మాత్రం చరిత్రలో ఎప్పటికీ ఉంటుంది.

రెండో కొండ నుంచి జవాబొచ్చింది. ఇంత శుభ్రమైన ఫోల్డర్ ఇంతకుముందు ఏ కొండ నుంచీ రాలేదని, నిల్వదారుకి తమ అభినందనలు తెలపమని. భానుమూర్తి గారు కాంటీన్‌లో అందరి ముందూ చదివారు. కొందరు చప్పట్లు కొట్టారు. తవిటినాయుడు గిన్నె వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు. నేను ఆ వెంటనే రెండో కొండకి ఉత్తరం రాశాను. ఆ పట్టికతో ముద్ద చోడి వేయొద్దని, అసలు కాగితం నా వల్ల పోయిందని. జవాబు రాలేదు.

కోత నెల, 5వ రోజు

కోశాం.

తొమ్మిది వరసల్లో మూడింటికే గింజ పట్టింది. మిగతా ఆరు వరసల్లో వెన్నులు చూడ్డానికి బాగానే ఉన్నాయి. అరచేతిలో నలిపి ఊదితే అంతా పొట్టే. ఎర్రాయమ్మ ప్రతి వరసలోనూ ఒక వెన్ను నలిపి ఊదింది. ఆరో వరసలో రెండు నలిపింది.

మూడు వరసల గింజ ఒక డబ్బాడు వచ్చింది. వచ్చే ఏడు విత్తనానికే సరిపోతుంది, తినడానికి ఉండదు. కొండ మొత్తానికి వచ్చే ఏడు చోడి అంబలి లేదు. బంగాళాదుంప గంజి తాగాలి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. భానుమూర్తి గారు అయితే, షెడ్డు పట్టిక ప్రకారమే నడిచింది కాబట్టి ఇందులో ఎవరి తప్పూ లేదని నివేదికలో రాయమన్నారు. నేను రాయనన్నాను. ఆయనే రాసుకున్నారు.

కోత నెల, 6వ రోజు

ఎర్రాయమ్మ చెప్పిన మాటలు మొత్తం నలభై మూడయ్యాయి. ఇవాళ వాటిని కమిట్ చేయడానికి కూర్చున్నాను. నిలువు వరసల్లో పెట్టలేదు. ఆవిడ ఎలా చెప్పిందో అలాగే ఉంచాను. చెత్త ఫోల్డర్‌లో పెట్టలేదు. ముద్ద_చోడి అని పేరు పెట్టి ఫోల్డర్‌లో అన్నిటికంటే పైన ఉంచాను. షెడ్డు ప్రోగ్రాంలో అచ్చియ్య గారి వాక్యం కూడా మార్చాను. ఇకనుంచి ఆ ఫైలు కనిపించకపోతే యంత్రం గంట కొట్టి ఆగిపోతుంది.

సర్టిఫికెట్టు లేనివాళ్ళ పేరు చరిత్రలోకి ఎక్కదని ఇన్నేళ్ళూ షెడ్డువాళ్ళకి చెబుతూ వచ్చాను. కమిట్ చేసేటప్పుడు యంత్రం రెండు పేర్లు అడుగుతుంది. చేర్చినవారు ఒకరు, రాసినవారు ఒకరు. సర్టిఫికెట్టు కావాల్సింది చేర్చినవారికే. రెండిట్లోనూ నా పేరే తనంతట తాను పడిపోతుంటే, రెండో గడి ఉందన్న సంగతే నేను పట్టించుకోలేదు. రాసినవారు అన్న చోట నా పేరు తీసేసి ఎర్రాయమ్మ అని రాశాను. యంత్రం ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. ముప్పయ్యేళ్ళ కిందట అయినా ఒప్పుకునేదేమో.

మధ్యాహ్నం ఆవిడని పిలిపించాను. తవిటినాయుడు తీసుకొచ్చాడు.

"చేర్చాను పెద్దమ్మా" అన్నాను.

ఇదివరకైతే ఆ మాట వినగానే నా భుజం తట్టి వెళ్ళిపోయేది. ఇవాళ కదల్లేదు. కొంగులో ముడేసుకున్న కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"సూపించు" అంది.

తెర ఆవిడ వైపు తిప్పాను. కుర్చీ జరిపాను, కూర్చోలేదు. ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, రెండో చేతి వేలు తెర మీద పెట్టి, మొదటి మాట దగ్గర్నుంచి పెదాలు కదుపుతూ చదివింది. రాయి ఉన్న తొమ్మిదో వరస, తూరుపు కొస దీపాలు, నాలుగో రోజు దాహం, పూతప్పుడు ఆపాల్సిన మరలు. ఆరో వరస దగ్గర నేను వదిలిన ఖాళీ మీద కాసేపు వేలు ఉంచింది. అడుగున తన పేరు దగ్గరికి వచ్చింది. అది చదివిందో లేదో నాకు తెలియలేదు. వేలు ఇంకా కిందికి పోయింది. అక్కడ ఖాళీ తెర ఉంది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే పెద్దమ్మా."

ఆవిడ కళ్ళజోడు తీసి, మళ్ళీ కొంగులో ముడి వేసుకుంది.